బదులు రాణి

నిచ్చెనక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఏడో నంబరు అమ్మాయి గౌను కింద సగం దూరి ఉండగా ఆమెని స్టేజీ మీదికి పిలిచారు. పిలుస్తున్నది తననే అని ఆమెకి తెలియలేదు. తెలిసినా పలికే వీలు లేదు, నోరు తెరిస్తే సూదులు రాలతాయి.

దేశం మొత్తానికీ అందగత్తె ఎవరో ఆ వారం చివర తేలబోతోంది. హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఒక మూల జుట్టు ఆరబెట్టే మిషన్ల హోరు, ఒక మూల చెప్పుల పెట్టెల గుట్ట, మధ్యలో "నా నంబరు ఎవరు తీశారు?" అని ఒకరి ఏడుపు, "నీ భుజం మీదే ఉందే తల్లీ" అని ఇంకొకరి ఓదార్పు. నిచ్చెనక్కని ఈ గందరగోళంలోకి పంపింది ఆమె పనిచేసే దర్జీ దుకాణం మాస్టారు. గౌన్ల అంచులు సరిచేయడం, ఊడిన చమ్కీలు కుట్టడం, మొరాయించే జిప్పుల్ని దారికి తేవడం ఆమె పని. అంచు కొలవాలంటే ఫైనల్ రోజు ఏ చెప్పులు వేసుకుంటారో ఆ చెప్పులతోనే నిలబడాలి. ఏడో నంబరు అమ్మాయి పూటకో జత మార్చేది, కాబట్టి ఆమె గౌను అంచు పూటకోసారి విప్పి కుట్టాల్సి వచ్చేది.

"ఎవరమ్మా ఆ గౌను కింద? ఆ కాళ్ళెవరివి?" అంది నడక మేడమ్. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా అందగత్తెలకి నడక నేర్పుతున్న మనిషి. జుట్టు మొత్తం తెల్లబడింది గానీ వీపు ఇప్పటికీ గోడకి కొట్టిన మేకులా ఉంటుంది.

"కుట్టు మనిషండీ," అన్నాడు స్టేజీ మేనేజరు.

"లేవమ్మా ఓసారి."

నిచ్చెనక్క గౌను కింద నుంచి బయటపడి, సూదులు ఒక్కొక్కటీ తీసి మణికట్టుకి కట్టుకున్న దూది దిండుకి గుచ్చి లేచింది.

"పూర్తిగా లే."

"లేచాను మేడమ్."

"ఎక్కడ లేచావు? ఇంకా ఉంది నీ దగ్గర, దాచుకున్నావు." మేడమ్ దగ్గరికొచ్చి ఆమె వీపు మధ్యలో రెండు వేళ్ళు ఆనించి నొక్కింది. "ఇక్కడ."

ఎవరో వెనక నుంచి తాళం తీసినట్టయింది. నిచ్చెనక్క భుజాలు వెనక్కి వెళ్ళాయి, మెడ పైకొచ్చింది, ఆమెకి నిచ్చెనక్క అని పేరు తెచ్చిపెట్టిన, ఎన్నేళ్ళనుంచో మడత పెట్టుకున్న ఎత్తంతా ఒక్కసారి బయటపడింది. అమ్మాయిలు కిచకిచలాడారు. హాలు వెనక ఎత్తైన మంచె మీంచి లైటు తాత కేకేశాడు.

"ఆగండాగండి! లైటు ఇంకాస్త పైకి ఎత్తుకోవాలి!"

అందరూ గొల్లుమన్నారు. నిచ్చెనక్కకి చెవులు కాలిపోయాయి, అయినా ఆమెకీ నవ్వొచ్చింది.

ఆ పోటీలో ఒక కట్టుబాటు ఉంది. పేరు పిలిచేదాకా కిరీటం ఏ పోటీదారు తల మీదా పెట్టకూడదు, రిహార్సల్లో కూడా. పెడితే ఎవడో ఫొటో తీస్తాడు, అంతా ముందే తేల్చేశారని పేపర్లలో గోల అవుతుంది. పైగా ముందే పెట్టించుకున్న పిల్ల గెలవదని అమ్మాయిల్లో ఒక భయం. అందుకని రిహార్సల్లో గెలిచిన అమ్మాయికి బదులుగా బయటి మనిషినొకరిని నిలబెడతారు. లైట్లూ కెమెరాలూ ఆ మనిషిని బట్టే సర్దుకుంటాయి కాబట్టి ఎత్తు సరిపోవాలి. ప్రతిసారీ వచ్చే మనిషికి ఈసారి కాలు బెణికిందట.

"నువ్వే మా బదులు రాణివి," అంది నడక మేడమ్. "ఎడమ పక్క నుంచి రావాలి, ఇక్కడిదాకా నడవాలి, ఈ తెల్ల పట్టీ మీద ఆగాలి. అంతే."

అంతే అన్నంత సులువుగా ఏమీ జరగలేదు. కిందటేడు గెలిచిన అమ్మాయి, అందరూ పాత రాణి అని పిలిచే పిల్ల, ప్రాక్టీసు కిరీటం పట్టుకుని ఎదురుగా వచ్చింది. దానికీ అసలు కిరీటమంత బరువే, రాళ్ళు మాత్రం గాజువి. పాత రాణి నిచ్చెనక్క చెవిదాకా వస్తుందేమో. చెయ్యెత్తి కిరీటం పెట్టబోతుంటే నిచ్చెనక్క పాపం అలవాటుగా మెడ వంచేసింది. ఎవరు మాట్లాడినా, ఎవరు ఏమిచ్చినా ఆమె ముందు చేసే పని అదే. కిరీటం జారి చెక్కల మీద పడి బొంగరంలా తిరిగింది.

"మెడ కాదు, మోకాళ్ళు!" అని అరిచింది నడక మేడమ్. "గౌను లోపల మోకాళ్ళు ఎంత వంచుకుంటావో వంచుకో, ఎవడికీ కనపడదు. పైన మాత్రం నిటారుగా ఉండు. తగ్గాల్సినంత తగ్గు, తల మాత్రం దించకు."

రెండోసారీ పడింది. మూడోసారి పాత రాణి అందుకుంది. ఆ తర్వాత నిలిచింది. పైనుంచి గుండ్రటి వెలుగు వచ్చి మొహం మీద పడింది, సౌండు మనిషి సంగీతం వదిలాడు, నిచ్చెనక్కకి ఒళ్ళంతా జల్లుమంది. చీకట్లో ఖాళీ కుర్చీలు తప్ప ఎదురుగా ఎవరూ లేరని తెలిసి కూడా ఆ కుర్చీల వైపు చూసి నవ్వింది.

*

"అయితే ఇవాళ్టి నుంచి నేను రాణిగారి మొగుణ్ణన్నమాట," అన్నాడు భర్త. ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్కు, మనిషి ఆమె భుజం దాకా వస్తాడు. ఆ సంగతి ఆయనకి ఏనాడూ బాధ కలిగించలేదు, అటక మీది సామాను దించాల్సి వచ్చినప్పుడల్లా తన అదృష్టానికి మురిసిపోతాడు కూడా. "మరి నా నెత్తిన ఏమీ పెట్టరా?"

"హెల్మెట్," అంది చిట్టి, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

చిట్టి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉంటే ఆ పేరు పెట్టారు, తర్వాత అది తాటిచెట్టులా ఎదిగినా పేరు అక్కడే ఉండిపోయింది. గోడ పక్కన చాప మీద కూర్చుని, గడ్డం మోకాళ్ళకి ఆనేంతగా వంగి లెక్కలు చేసుకుంటోంది.

"మీ ఆటల సారు మళ్ళీ కనపడ్డారే," అన్నాడు తండ్రి. "వాలీబాల్ జట్టులో నీ చోటు ఇంకా ఖాళీగానే ఉంచారట. ఈ వారంలో చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"ఇచ్చెయ్యమను."

"ఎందుకే? నెట్టు పైనుంచి తొంగిచూసే పిల్ల నువ్వొక్కదానివే కదా!"

"అందుకే. దిగగానే ఏమంటారో తెలుసా? చిన్న నిచ్చెన వచ్చింది, గోడకి ఆనించండి అంటారు."

ఆయన నవ్వబోయి భార్య మొహం చూసి ఆగిపోయాడు. నిచ్చెనక్క మర్నాటికి కావాల్సిన దారాలు రంగుల వారీగా సర్దుకుంటోంది.

"ముందు నిటారుగా కూర్చోవే," అంది. "నడుం పట్టేస్తుంది."

"నువ్వు కూర్చున్నట్టే కూర్చున్నా కదమ్మా."

పిల్ల వెటకారంగా అనలేదు. ఉన్నమాట అంది, మళ్ళీ లెక్కల్లో పడిపోయింది. నిచ్చెనక్క చేతిలో దారపు ఉండ అలాగే ఉండిపోయింది. ఆ భుజాల వాలు, ఆ మెడ వంపు, అన్నీ తనవే. పాత గుడ్డ మీద కొలతలు చూసి కొత్త గుడ్డ మీద దింపినట్టు ఎక్కడా ఒక నూలుపోగు తేడా లేదు. నిటారుగా ఉండమని నోటితో లక్షసార్లు చెప్పింది, వంగడం మాత్రం చేసి చూపించింది.

ఆ రాత్రే నిర్ణయించుకుంది. ఫైనల్‌కి ముందురోజు మధ్యాహ్నం పూర్తి రిహార్సల్ ఉంటుంది, అసలు రోజులాగే అన్ని లైట్లతో, అన్ని గౌన్లతో. పనివాళ్ళ ఇంటివాళ్ళని చూడనిస్తారు. చిట్టి రావాలి. తల మీద కిరీటంతో, కళ్ళు చెదిరే వెలుగులో, ఉన్న ఎత్తు ఉన్నట్టుగా నిలబడ్డ తన తల్లిని అది ఒక్కసారి కళ్ళారా చూడాలి. ఒక్కసారి చూస్తే చాలు.

*

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియదు. పొద్దున సూది, మధ్యాహ్నం కిరీటం. కుడిచేత్తో అంచు కుడుతూనే కింద మోకాళ్ళు వంచి సాధన చేసేది. బస్సు కోసం నిలబడ్డప్పుడూ అంతే, లోలోపల తెల్ల పట్టీ మీద ఆగేది. ఎడమ పక్క తెర చాటు నుంచి ఆమె కాలు బయటపెట్టడం ఆలస్యం, పైనుంచి లైటు తాత చేతి చక్రం తిప్పేవాడు, వెలుగు వచ్చి ఆమెని పట్టుకునేది. వెలుగు పడిందంటే సౌండు మనిషి సంగీతం వదలాలి. అతనికి అదే గుర్తు.

"కళ్ళు మూసుకుని పట్టుకోగలనమ్మాయ్ నిన్ను," అని మంచె మీంచి గొప్పలు పోయేవాడు తాత.

"కళ్ళు మూసుకోకు తాతా, ఏడో నంబరుని కిందపడేస్తావు!" అని అరిచేవాళ్ళు అమ్మాయిలు.

ఒకరోజు విరామంలో పాత రాణి వచ్చి ఆమె పక్కనే నేల మీద చతికిలబడింది. తన గౌను చివర ఊడిన పోగు చూపిస్తూ, "అక్కా, నాకు ఏడుపొస్తోందా నవ్వొస్తోందా అర్థం కావట్లేదు," అంది. "ఏడాదంతా ఎక్కడికెళ్ళినా ముందు కిరీటం వచ్చిందా అని అడిగేవాళ్ళు, తర్వాత నన్ను కూర్చోమనేవాళ్ళు. ఎప్పుడు వదిలిపోతుందా అనుకున్నాను. ఇప్పుడు ఇచ్చెయ్యాలంటే చేతులు రావట్లేదు."

"పెట్టేటప్పుడు చెవిలో ఏదో చెప్తారు కదమ్మా. నీకేం చెప్పింది మీ ముందావిడ?"

పాత రాణి కిసుక్కున నవ్వింది. "దేశమంతా చూస్తోంది, నాకు కళ్ళనీళ్ళు ఆగట్లేదు. ఆవిడ వంగి ఎంత ప్రేమగా అడిగిందో తెలుసా? 'పిన్ను గుచ్చుకుంటోందా?'"

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నిచ్చెనక్క కుడుతున్న కుట్టు వంకరపోయింది, విప్పి మళ్ళీ కుట్టింది.

ఇంట్లో చిట్టిని ఒప్పించడానికి మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. చివరికి భర్తే అన్నాడు, "మీ అమ్మని చూడ్డానికి కాకపోయినా, నేను అక్కడ ఎలా ఈలేస్తానో చూడ్డానికైనా రా." ఆ మాటకి హడలిపోయి, నాన్నని అదుపులో పెట్టడానికే వస్తానని చిట్టి ఒప్పుకుంది.

*

పూర్తి రిహార్సల్ రోజున హాలు వేరే లోకంలా ఉంది. అమ్మాయిలందరూ అసలు గౌన్లలో మెరిసిపోతున్నారు. నిచ్చెనక్క తెర చాటు నుంచి చూసింది. ఆరో వరసలో, నడవా పక్కన, మెకానిక్కు ఇస్త్రీ చొక్కాలో ఠీవిగా కూర్చున్నాడు. పక్కన చిట్టి, వెనకవాళ్ళకి అడ్డం రాకుండా కుర్చీలో సగం కిందికి జారిపోయి ఉంది.

అప్పుడే నిర్వాహకుడు వచ్చాడు. వెంట టీవీవాళ్ళు, వాళ్ళ వెంట ఏదో ప్రకటనలో రోజూ నవ్వే ఒక మోడలమ్మాయి. ఆయన నడక మేడమ్‌ని పక్కకి పిలిచి మాట్లాడాడు. గొంతు తగ్గించాలని ఆయనకి తోచలేదు.

"ఈ కిరీటం పెట్టే ముక్క సాయంత్రం వార్తల్లో వేస్తారు మేడమ్. కుట్టు మనిషిని ఏం చూపిస్తాం? కాస్త కనపడదగ్గ మనిషిని తెచ్చాను."

"ఇన్ని రోజులు ఆమెతోనే చేశామండీ. లైట్లు, అన్నీ..."

"ఒక్క రోజే కదా!"

నడక మేడమ్ వచ్చి నిచ్చెనక్క ముందు నిలబడింది. ఆ మేకులాంటి వీపు కొంచెం వంగినట్టు అనిపించింది. "విన్నావు కదమ్మా," అంది.

"దాందేముంది మేడమ్," అంది నిచ్చెనక్క.

ఎంతో ఉంది. కళ్ళు మండాయి. ఎవరేమన్నా ఆమెకి కొత్త కాదు, కానీ ఆరో వరసలో చిట్టి ఉంది. అది ఏమనుకుంటుంది? అమ్మ గొప్పలు చెప్పిందనుకుంటుందా? లేక, తల్లిని అందరూ పక్కకి నెట్టడం సబబేననుకుని ఇంకాస్త కుంగిపోతుందా? ఆ రెండోదే ఆమెని కోసేసింది.

మోడలమ్మాయి చెడ్డ పిల్లేం కాదు. కంగారుగా వచ్చి, "అక్కా, నేనెక్కడ నిలబడాలి?" అని అడిగింది. నిచ్చెనక్క తెల్ల పట్టీ చూపించింది. "మెడ వంచకు తల్లీ, మోకాళ్ళు వంచు," అని కూడా చెప్పింది. చెప్పి, టేపు మెళ్ళో వేసుకుని, ఎడమ పక్క తెర చాటున తన పీట మీద కూర్చుంది. కూర్చోగానే వీపు దానంతట అదే వంగిపోయింది.

రిహార్సల్ మొదలైంది. వరసలు తగ్గాయి, చివరి ఇద్దరూ చేతులు పట్టుకున్నారు, మోడలమ్మాయి పట్టీ దగ్గర సిద్ధంగా ఉంది. పాత రాణి రెండు చేతులా కిరీటం పట్టుకుని కుడి పక్క నుంచి వస్తూ మధ్యలో టక్కున ఆగిపోయింది. ఆమె మడమ గౌను అంచులో చిక్కుకుని, అంచు చరచరా ఊడి కాళ్ళకి చుట్టుకుంది. ఇంకో అడుగు వేస్తే బోర్లా పడుతుంది.

"కుట్టు మనిషీ!" స్టేజీ మేనేజరు అరిచాడు. "కెమెరా ఆపొద్దు, గబగబా వచ్చి వెళ్ళిపో. వంగి రా, వంగి!"

నిచ్చెనక్క సూది తీసుకుని లేచి, ఎడమ పక్క తెర చాటు నుంచి వంగి కాలు బయటపెట్టింది.

అంతే. పైన మంచె మీద లైటు తాత చెయ్యి చక్రం తిప్పేసింది. తాతని అడిగితే తిప్పలేదనే అంటాడు. ఇన్ని రోజుల అలవాటు, ఆ పక్క నుంచి ఆ కాలు రాగానే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. గుండ్రటి తెల్లటి వెలుగు మోడలమ్మాయిని వదిలి, స్టేజీ దాటి వచ్చి నిచ్చెనక్కని పట్టుకుంది. వెలుగు కదలడం చూసి సౌండు మనిషి సంగీతం వదిలేశాడు. హాలంతా గెలుపు పాట మోగిపోయింది.

నిచ్చెనక్క వంగి ఉన్నది వంగి ఉన్నట్టే ఆగింది. ఒంటి మీద పనిబట్టలు, మెళ్ళో టేపు, మణికట్టుకి సూదుల దిండు. వెనక్కి పరిగెత్తాలా, అలాగే వంగి ముందుకి పాకాలా? మేనేజరు ఏదో అరుస్తున్నాడు, సంగీతంలో వినపడలేదు. ఎదురుగా చీకటి. కానీ ఈసారి ఆ చీకట్లో కుర్చీలు ఖాళీగా లేవు.

వీపు మధ్యలో, రెండు వేళ్ళు నొక్కిన చోట, ఆమె తనని తానే నొక్కుకుంది.

భుజాలు వెనక్కి వెళ్ళాయి. మెడ లేచింది. నిచ్చెనక్క నడిచింది. గబగబా కాదు, నేర్చుకున్న నడక నేర్చుకున్నట్టు, అడుగు ముందు అడుగు వేస్తూ, ఖాళీ కుర్చీలకి నవ్వినట్టే ఆరో వరస వైపు నవ్వుతూ, స్టేజీ మొత్తం దాటింది. చీకట్లోంచి చెవులు చిల్లులు పడేలా ఒక ఈల వచ్చింది. "మా ఆవిడే!" అని కేక కూడా వచ్చింది. పాత రాణి ముందు ఆగి, వీపు వంచకుండా మోకాళ్ళు వంచి కిందికి దిగి, ఊడిన అంచు మడిచి పట్టుకుని, ఆ వెలుగులోనే కుట్టింది. పైన గాలిలో కిరీటం పట్టుకున్న చేతులు నవ్వాపుకోలేక వణుకుతున్నాయి. దారం పళ్ళతో తెంపి, లేచి, పాత రాణి చెవి దగ్గరికి వెళ్ళి నిచ్చెనక్క అడిగింది.

"సూది గుచ్చుకుందా తల్లీ?"

పాత రాణి పకపకా నవ్వేసింది. నిచ్చెనక్క వెనక్కి తిరిగి, వచ్చిన దారినే, వచ్చినట్టే వెళ్ళింది. వెలుగు తెర చాటుదాకా ఆమెని దిగబెట్టి వచ్చింది.

తర్వాత జరగాల్సిందే జరిగింది. నిర్వాహకుడు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "చెయ్యి అలవాటు పడిపోయింది సార్, నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు తాత పైనుంచి. నడక మేడమ్ ఎవరినీ ఏమీ అనలేదు, అమ్మాయిల వైపు తిరిగి, "మళ్ళీ మొదట్నుంచి," అని చప్పట్లు కొట్టింది. మళ్ళీ మొదట్నుంచి చేశారు. కిరీటం మోడలమ్మాయి తలకే పెట్టారు. ఆ పిల్ల మోకాళ్ళే వంచింది, కిరీటం నిలిచింది, టీవీవాళ్ళు తీసుకున్నారు.

విరామం ఇవ్వగానే నిచ్చెనక్క మెట్లు దిగి ఆరో వరసకి వెళ్ళింది. భర్త ఎదురొచ్చి, "ఏమే, కిరీటం పెట్టలేదేంటి?" అన్నాడు.

"పెట్టరట."

"పోతే పోయిందిలే. ఈల వినపడిందా?"

"పక్క వీధిలోకి కూడా వినపడింది నాన్నా," అంది చిట్టి.

కుర్చీలో జారిపోయి ఉన్న చిట్టి లేచింది. ఎప్పటిలా సగం కాదు. ముందు మోకాళ్ళు, తర్వాత నడుం, తర్వాత భుజాలు, చివరికి మెడ. ఇంకా వస్తూనే ఉంది. నిచ్చెనక్క కూతురి మొహంలోకి చూడాలని చూస్తే పిల్ల గడ్డం కనపడింది. కళ్ళు చూడాలంటే తల ఎత్తాల్సి వచ్చింది. మనిషి మొహం చూడ్డానికి తల ఎత్తడం ఆమెకి బొత్తిగా అలవాటు లేని పని.

"ఎప్పుడు పెరిగావే ఇంత?" అంది.

"కిందటేడే." చిట్టి పెదవి కొరుక్కుంది. "నువ్వు వంగి ఉంటావు కదమ్మా. నీకన్నా పొడుగ్గా కనపడకూడదని నేను ఇంకాస్త వంగేదాన్ని."

మధ్యలో ఇరుక్కుపోయిన మెకానిక్కు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇక నా మెడ పని అయిపోయింది," అన్నాడు. స్టేజీ మీంచి ఏడో నంబరు అమ్మాయి, "అక్కా! చెప్పులు మార్చాను, అంచు చూడవా!" అని పిలుస్తోంది.

"వస్తున్నానే," అంది నిచ్చెనక్క, అక్కణ్ణుంచి కదలకుండా.

"రేపు పొద్దున్నే ఆటల సారుని కలవాలి నాన్నా," అంది చిట్టి. "బడికి కాస్త ముందే దింపు."

కూతురి భుజం మీద చెయ్యి వెయ్యాలంటే నిచ్చెనక్క చెయ్యి పైకి ఎత్తాల్సి వచ్చింది. ఎత్తి వేసింది.